కురిసేది అతుకు దగ్గర

పాత ట్రావెల్ ట్రైలర్ కొన్నానని ఎవరికైనా చెప్పి చూడండి. మొదటి ప్రశ్న కప్పు గురించే వస్తుంది. రబ్బరు కప్పు, వయసు పదిహేనేళ్లు దాటింది అని తెలియగానే సలహా కూడా వెంటే వస్తుంది: ‘‘ఒక బకెట్ కోటింగ్ తెచ్చి రోలర్‌తో మొత్తం పట్టించెయ్. పదేళ్లదాకా పైకెక్కి చూసే పనుండదు.’’ ఈ మాట టెక్సస్ క్యాంప్‌గ్రౌండ్‌లో పక్క సైటాయన దగ్గర విన్నాను. విడిభాగాల దుకాణం కౌంటరు దగ్గర విన్నాను. డాలస్ శివార్లలో ఉంటూ సెలవులకు ట్రైలర్ లాక్కెళ్లే ఒకరిద్దరు తెలుగు మిత్రుల దగ్గరా విన్నాను. అందరూ మంచి మనసుతోనే చెప్పారు. అయినా అది తప్పుడు సలహా. మరమ్మతు చేస్తే ఇంకో పదిహేనేళ్లు తిరగగల బళ్లు ఈ సలహా వల్లే లోలోపల కుళ్లి తుక్కుకు పోతున్నాయని నా నమ్మకం.

ట్రైలర్ ఎప్పుడూ చూడనివారికి ఒక ముక్క చెప్పాలి. పికప్ ట్రక్కు వెనక కొక్కేనికి తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు ఇది. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, ఏసీ అన్నీ అందులోనే. అమెరికాలో వీటిలో అధికభాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. కప్పు నిర్మాణం చాలా సాదా: సన్నని కర్ర వాసాలు, వాటి మీద పలచటి ప్లైవుడ్డో, కర్రపేళ్లను జిగురుతో నొక్కి చేసిన ఓఎస్‌బీ పలకో, దాని మీద జిగురుతో అంటించిన రబ్బరు పరుపు. ఆ రబ్బరు మందం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. మనిషికీ వానకీ మధ్య ఉన్నదల్లా అదే కనక, కురవగానే అందరి చూపూ దాని మీదికే పోతుంది.

‘రబ్బరు ముసలిదైంది కాబట్టి కురుస్తోంది’ అన్నదే బకెట్ సలహాకు పునాది. ఆ పునాదిలోనే పుచ్చు ఉంది. ఇరవై ఏళ్ల కిందటి ట్రైలర్ల మీద ఎక్కువగా కనిపించేది ఈపీడీఎం రబ్బరు. 1960ల నుంచే ఇది గిడ్డంగులు, ఫ్యాక్టరీల చదును కప్పుల మీదికెక్కింది. కారు తలుపు చుట్టూ వానను ఆపే మెత్తటి నల్లపట్టీ ఉంటుంది చూశారా, అదీ ఈ జాతిదే. ఎన్నో ఏళ్లు ఎండలో నిలబెట్టిన కారులో కూడా ఆ పట్టీ సాగుతూ, నొక్కుకుంటూ పనిచేస్తూనే ఉంటుంది. మామూలు రబ్బరును ఓజోన్ పగలగొట్టేది దాని అణువుల గొలుసులోని జంట బంధాల దగ్గర; ఈపీడీఎం గొలుసు వెన్నులో అవి లేవు. అందుకే ఆరుబయట పనులకు దాన్ని ఎంచుకున్నారు.

ట్రైలర్ మీద వేసే ఈపీడీఎం రెండు పొరలది: అడుగున నలుపు, పైన తెలుపు. ఆ తెలుపు ఎండకు మెల్లగా పొడిబారుతుంది. చేత్తో తడిమితే సున్నంలా వేళ్లకంటుతుంది, వాన పడితే గోడల మీద తెల్లటి చారలుగా దిగుతుంది. కొత్తగా కొన్నవాడు ఆ చారలు చూసి కప్పు కరిగిపోతోందని హడలిపోతాడు, బకెట్ కోసం పరిగెడతాడు. పై పొర అరుగుతూ కింది పొరను కాయడం ఆ రబ్బరు తయారీలోనే ఉన్న గుణం. అడుగు నలుపు బయటపడనంతకాలం, ఏ చెట్టుకొమ్మో గీరి చీలిక పడనంతకాలం ఆ పరుపు నట్టనడుమ నుంచి నీళ్లు దిగవు. తయారీదారు ఇచ్చిన పదేళ్ల, పన్నెండేళ్ల హామీ తీరిపోయింది కదా అని వాదించేవారున్నారు. ఎంతకాలం బాధ్యత మోస్తే తనకు గిట్టుబాటవుతుందో వ్యాపారి వేసుకున్న లెక్క హామీ. రబ్బరుకు ఆ కాగితం సంగతి తెలియదు.

మరి నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? మాది అనంతపురం వైపు పల్లె. నేను పుట్టింది మట్టిమిద్దెలో. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కట్టెపుల్లలు, మట్టి, అన్నిటికీ మీద చౌడు. ఏటా వానలకు ముందు మా చిన్నాయన బండెడు చౌడు తోలించి మిద్దె మీద పరిపించేవాడు. ఉప్పు పాలు ఎక్కువున్న ఆ మట్టి తడవగానే మెదిగి, సందులు పూడ్చుకుని నీటిని దిగనివ్వదు. చిన్నాయన చౌడు మోసేవాళ్లను మిద్దె నడుమ వదిలేసి, తాను మాత్రం వెలుతురు కోసం మిద్దెలో వదిలిన గవాచి చుట్టూ, పిట్టగోడ మొదట్లో, నీళ్లు దిగే తూము దగ్గర గొంతుక్కూర్చుని చేత్తో మెత్తేవాడు. ఇంత మిద్దె ఉండగా అక్కడే ఎందుకు అని ఒకసారి అడిగాను. ‘‘మిద్దె నడీమధ్యన యాడన్నా కురుస్తాదేమిరా? గవాచి కాడ చూడు, గోడ మొదుట్లో చూడు. రెండు వేరే వస్తువులు కలిసే కాడే నీళ్లకు దావ దొరికేది’’ అన్నాడు. నలభై ఏళ్ల తర్వాత, వేల మైళ్ల అవతల ట్రైలర్ కప్పు మీద మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు ఆయన మాట అక్షరం పొల్లుపోకుండా నిజమని చూశాను.

నాది 2003లో తయారైన 26 అడుగుల ట్రైలర్. కప్పు వైశాల్యం రెండు వందల చదరపు అడుగుల పైచిలుకు. దాని మీద నేను లెక్కపెట్టిన కంతలు పది: గాలి మరలకు రెండు, ఏసీకి ఒకటి, స్నానాల గది మీది అద్దానికి ఒకటి, ఫ్రిజ్ పొగగొట్టానికి ఒకటి, నీటి గొట్టాల గాలిపైపులకు మూడు, టీవీ యాంటెనాకు ఒకటి, తీగ దిగేందుకు ఒకటి. ఇవి కాక ముందు, వెనక, రెండు పక్కలా రబ్బరు అంచు గోడను కలిసే అతుకు మొత్తం 68 అడుగులు. ప్రతి కంత చుట్టూ స్క్రూలు, ఆ 68 అడుగుల పొడుగునా స్క్రూలు. స్క్రూ అంటే ఇంకో కంతే. అంటే వానకు వందకు పైగా ద్వారాలు, అన్నీ అంచుల్లో, అన్నీ సీలెంట్ అనే ఒక్క పదార్థం దయ మీద ఆధారపడి ఉన్నాయి. ఆ సీలెంట్‌కు రబ్బరుకున్నంత ఆయుష్షు లేదు. అయిదారేళ్లలో బిగుసుకుంటుంది, వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి, అంచు దగ్గర పెదవిలా లేస్తుంది. చాలా ట్రైలర్లతో వచ్చే పుస్తకంలోనే కప్పు అతుకులను 90 రోజులకోసారి పరీక్షించమని ఉంటుంది. ఆ పేజీ తిరగేసిన యజమానులు నాకు చాలా తక్కువమంది తగిలారు.

అతుకు ఎందుకు విడుతుందో ఒక్క లెక్కతో తెలుస్తుంది. పక్క అంచు పొడుగునా బిగించే పట్టీ అల్యూమినియంది. శీతాకాలపు తెల్లవారుజాముకీ ఎండాకాలపు మధ్యాహ్నానికీ కప్పు అంచు దగ్గర 40 డిగ్రీల సెల్సియస్ తేడా టెక్సస్‌లో వింతేమీ కాదు. ఆ తేడాకు 8 మీటర్ల అల్యూమినియం, స్వేచ్ఛగా వదిలితే, 7 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. దాని కింది కర్ర 2 మిల్లీమీటర్లు కూడా సాగదు. గాలి మరల చుట్టూ ఉండే ప్లాస్టిక్ అంచు అల్యూమినియం కన్నా మూడు రెట్లదాకా సాగుతుంది. ఈ మూడింటినీ స్క్రూలతో ఒకచోట కట్టేసి, గంటకు 60 మైళ్ల వేగంతో గతుకుల రోడ్ల మీద వేల మైళ్లు లాగుతాం. ఇల్లు ఒకచోట నిలబడి ఉంటుంది. ట్రైలర్ ప్రయాణం చేసిన ప్రతిరోజూ దానికి చిన్న భూకంపమే. అందుకని అతుకు మీద పెట్టే సీలెంట్ మందంగా, మెత్తగా, సాగేలా ఉండాలి.

రోలర్‌తో పట్టించిన కోటింగ్ మందం ఎంత? రెండు పూతలు వేసినా అర మిల్లీమీటరు. నడిమధ్య రబ్బరు మీద అది హాయిగా పడుకుంటుంది, ఎందుకంటే అక్కడ ఏదీ కదలదు. అతుకు మీద, కదిలే రెండు వస్తువుల నడుమ, ఆ పలచటి పొర మొదటి చలికాలంలోనే చీలిపోతుంది. చీలిక సూదిమొనంత. తెల్లటి కోటింగ్‌లో తెల్లటి చీలిక, కింద నిలబడి చూస్తే కనపడదు, పైకెక్కి చూసినా వంగి వెతికితే తప్ప కనపడదు. కోటింగ్ వేయకముందు పగిలిన సీలెంట్ బూడిదరంగుకు తిరిగి, మురికి పట్టి, ‘ఇక్కడ చూడు’ అని చెబుతుండేది. ఆ గుర్తులన్నిటి మీదా సున్నం కొట్టినట్టు కొట్టేశాం. మొత్తం రెండు వందల అడుగుల్లో నూటతొంభై అడుగులకు అక్కర్లేని పని చేసి, అక్కరున్న పదడుగులను కంటికి కనపడకుండా చేశాం.

నా బండి కథ ఇదే. అమ్మినవారు అమ్మకానికి ముందు కప్పంతా కోటింగ్ వేయించారు. ఫొటోల్లో పాలనురుగులా మెరిసింది. పైకెక్కి చూశాను, ఎక్కడా పగుళ్లు లేవు, సంతోషంగా డబ్బు కట్టాను. రెండో వసంతంలో పెద్ద వానలు కురిసిన వారానికి మంచం తలవైపు, కిటికీ పక్క గోడ కాగితం ఉబ్బింది. వేలితో నొక్కితే లోపలికి దిగింది. ముందు అతుకు మీద కోటింగ్‌ను గీకి, పట్టీ విప్పి చూస్తే స్క్రూలు తుప్పు పట్టి తలలు ఊడివచ్చాయి, కింది కర్ర నానిన అటుకుల్లా చేతిలోకి వచ్చింది. ఆ కుళ్లు ఒక్క ఏడాదిది కాదు. కోటింగ్ వేసిన రోజుకే అది అక్కడుంది. పైన పటారం, లోన లొటారం. ఆ వేసవంతా మూల విప్పి, వాసం ముక్క మార్చి, గోడ కట్టుకున్నాను. అందుకే ఈ విషయం మీద నాకింత పట్టుదల.

బకెట్ పక్షంవారికి ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాటేయను. ‘కోటింగ్ వేస్తే కప్పంతా అతుకులేని ఒకే పొర అవుతుంది, పెద్ద పెద్ద భవనాల చదును కప్పుల మీద ఇదే చేస్తున్నారు’ అంటారు. చేస్తున్నమాట నిజం. ఆ పనివాళ్లు ఏ క్రమంలో చేస్తారో అడిగారా? ముందు కప్పు కడుగుతారు, తడిసిన భాగాలు కోసి తీసేస్తారు, ప్రతి అతుకునూ ప్రతి కంతనూ గుడ్డపట్టీ పెట్టి మందంగా బలపరుస్తారు, ఆ తర్వాతే నడుమ పూత. ట్రైలర్ కోటింగ్ బకెట్ తీసుకుని దాని మీది సూచనలు చదవండి. అతుకులు ముందు బాగుచేసుకోమని తయారీదారే రాసి ఉంటాడు. సలహా ఇచ్చేవాళ్లు ఆ సగం వదిలేసి సులభమైన సగం చెబుతున్నారు. భవనం రోడ్డు మీద పరిగెత్తదన్న తేడా ఉండనే ఉంది.

బకెట్ తర్వాత రెండో అపోహ సిలికాన్. ఇంట్లో సింకు చుట్టూ, స్నానాల గదిలో వాడి, మిగిలిన ట్యూబు తెచ్చి కప్పు మీద పగులులో కూరేస్తారు. సిలికాన్ నీళ్లను ఆపుతుంది, నిజమే. కానీ ఈపీడీఎం రబ్బరును గట్టిగా పట్టుకోదు. కొన్నాళ్లకు తోలులా ఊడివస్తుంది. అంతకన్నా పెద్ద కీడు, అది వదిలిన జిడ్డు మీద సిలికాన్ తప్ప వేరే ఏ సీలెంటూ అంటదు. ఒక్కసారి పెట్టిన తప్పు తర్వాతి ప్రతి మరమ్మతును చెడగొడుతుంది. నేను కిందటేడు ఒక మిత్రుడి ట్రైలర్ మీద ఒక గాలిపైపు చుట్టూ ఉన్న సిలికాన్‌ను ప్లాస్టిక్ గరిటెతో గీకి తీయడానికి మూడు గంటలు పట్టింది. కొత్త సీలెంట్ పెట్టడానికి అయిదు నిమిషాలు. అలాగే రబ్బరును శుభ్రం చేయడానికి పెట్రోలు, కిరోసిన్ జాతి ద్రవాలు గానీ, నారింజ తొక్కల నూనెతో చేసే క్లీనర్లు గానీ వాడకూడదు. ఎండకు లొంగని ఈపీడీఎం నూనెకు లొంగిపోతుంది. ఉబ్బి, జిగురు వదిలి, బుడగలా లేస్తుంది. సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు.

టేపు గురించి మాత్రం నేను రెండు మాటలూ చెప్పాలి. ఎటర్నాబాండ్ లాంటి టేపులు నిజంగా గొప్పవి. శుభ్రమైన, పొడి రబ్బరు మీద ఒకసారి అంటిస్తే మళ్లీ ఊడదు. ముందు, వెనక అతుకుల మీద, రబ్బరు చిరిగినచోట నేనూ వాడాను. కానీ ‘అన్ని అంచులూ టేపుతో చుట్టేస్తే జన్మకు సరిపోతుంది’ అనే మాటతో ఏకీభవించను. ఊడకపోవడమే దాని సుగుణం, ఊడకపోవడమే దాని చిక్కు. గాలి మర మూత ఎండకు పెళుసెక్కి పగులుతుంది, యాంటెనా చెడుతుంది, ఏదో ఒకరోజు వాటిని విప్పాల్సి వస్తుంది. టేపు కింద ఉన్నదాన్ని విప్పబోతే రబ్బరు కూడా చిరిగివస్తుంది. ఇంకోమాట: టేపు కింద కర్ర తడిగా ఉంటే ఆ తడి అక్కడే బందీ అవుతుంది.

తడి సంగతి దగ్గర కాస్త ఆగాలి. సీలెంట్, టేపు, కోటింగ్ మీద ఇంత చర్చ జరుగుతుంది గానీ కప్పు కింద కర్ర ఎలా ఉందో చూసేవాళ్లు అరుదు. కర్రను కుళ్లబెట్టేది నీరు కాదు, నీరు తెచ్చే బూజు. కర్రలో తేమ 20 శాతం దిగువన ఉంటే ఆ బూజు పెరగలేదు. 30 శాతం దాటితే దానికి పండగ. పది చుక్కలు కారి ఆరిపోయిన కర్ర బతుకుతుంది. అవే చుక్కలు బయటికి దారి లేకుండా చిక్కుకుంటే కర్ర చస్తుంది. రబ్బరు కప్పు ఆవిరిని పైకి పోనివ్వదు కనక తడిసిన పలక ఆరాలంటే లోపలివైపు నుంచే, నెమ్మదిగా, ఆరాలి. అందుకే అతుకులు మూసే ముందు తేమ మీటరు తీసుకుని లోపలినుంచి కప్పు మూలలు, అల్మారాల పై అంచులు, కిటికీల తలలు గుచ్చి చూడాలి. పైన మోకాలితో నొక్కుతూ పోతే మెత్తబడ్డ చోటు తెలుస్తుంది. తేమ ఎక్కువుంటే సీలెంట్ ట్యూబు కింద పెట్టి, తేమ లాగే యంత్రం పెట్టి వారాలపాటు ఆరబెట్టాలి. పలక కుళ్లి పిండిలా రాలుతుంటే కోసి మార్చాలి. ఈ ఓపిక లేకుండా వేసే ఏ పూతయినా శవానికి చేసే అలంకారమే.

ఇంకో సంగతి. లోపల మరక ఎక్కడుంటే పైన కంత అక్కడే ఉందనుకోవడం అమాయకత్వం. నీళ్లు వాసం పట్టుకుని, తీగ పట్టుకుని ఎంత దూరమైనా నడుస్తాయి. చాలాసార్లు కప్పుకు సంబంధమే ఉండదు. ట్రైలర్ నుదుటి మీద వరసగా చిన్న నారింజరంగు దీపాలుంటాయి. వాటి వెనక సీలు పోతే, వానలో బండి లాగుతున్నప్పుడు ఎదురుగాలి నీళ్లను నేరుగా గోడలోకి కొడుతుంది. మూలల్లో నిలువుగా దిగే పట్టీలోని ప్లాస్టిక్ తాడు ఎండకు ముడుచుకుపోయి స్క్రూలు బయటపడతాయి. ఈ రెండిటి పాపం ఎన్ని రబ్బరు కప్పుల నెత్తిన పడిందో చెప్పలేను. అనుమానం తీరకపోతే ఒక పరీక్ష ఉంది: కప్పు గాలి మరలో బ్లోయర్ బిగించి లోపల కొద్దిపాటి ఒత్తిడితో గాలి నింపుతారు, బయట అతుకులన్నిటి మీదా సబ్బునీళ్లు చల్లుతారు. గాలి బయటికి వచ్చేచోట బుడగలు లేస్తాయి. ఏ బకెట్ కొనేముందైనా చేయించదగిన పరీక్ష అది.

ఏసీ దగ్గర జరిగే తప్పు మరీ బాధపెడుతుంది. ఏసీ కింద 14 అంగుళాల చదరపు కంత చుట్టూ మందపాటి స్పాంజి గాస్కెట్ ఉంటుంది. లోపలినుంచి నాలుగు బోల్టులు బిగిస్తే అది నొక్కుకుని నీళ్లను ఆపుతుంది. ఏళ్ల తరబడి అదిరి అదిరి బోల్టులు వదులవుతాయి. పావుగంట పని: లోపలి మూత తీసి సమంగా బిగించాలి, గాస్కెట్ మరీ చదునైపోతే కొత్తది వేయాలి. దీనికి బదులు పైకెక్కి ఏసీ చుట్టూ సీలెంట్‌తో గోడ కట్టేస్తారు. ఏసీ తాను తీసిన నీటిని కప్పు మీదికే వదిలేలా తయారైంది. చుట్టూ గోడ కడితే ఆ నీళ్లు బయటికి పోలేక లోపలికే దిగుతాయి.

మరి సరైన పని ఏమిటి? పెద్ద విద్యేమీ కాదు, శ్రద్ధ మాత్రం కావాలి. ముందు రబ్బరు ఏ జాతిదో తెలుసుకోవాలి. తడి నల్లగుడ్డతో రుద్దితే తెల్లపొడి వస్తే ఈపీడీఎం అనుకోవచ్చు; గాలి మర లోపలి చట్రం విప్పితే కనిపించే రబ్బరు అడుగు నల్లగా ఉంటే ఇక సందేహం లేదు. టీపీఓ అనే మరో రకం ఇలా పొడి రాలదు, దానికి సరిపడే సీలెంట్ చూసి తీసుకోవాలి. కప్పు మీద నేరుగా నడవకుండా ప్లైవుడ్ పలక వేసుకుని బరువు పంచాలి. సబ్బునీళ్ల తడిలో రబ్బరు పాచిపట్టిన మెట్టులా జారుతుంది, ఒంటరిగా ఎక్కకండి. కడిగి, ఆరనిచ్చి, ప్రతి అంచునూ వేలితో తడమాలి. కన్ను చూడనిదాన్ని వేలు చూస్తుంది.

పాత సీలెంట్‌లో గట్టిగా పట్టి ఉన్నదాన్ని వదిలేయవచ్చు. లేచినది, పగిలినది ప్లాస్టిక్ గరిటెతో తీసేయాలి. ఇనుప చాకు ముట్టుకోవద్దు, ఒక్క జారుడుకు లేని కంత పడుతుంది. తుప్పు స్క్రూలు మార్చాలి; పట్టు పోయినచోట ఒక సైజు పెద్దవి వేయాలి. గాలి మర అంచే లేచి ఉంటే పైపైన సీలెంట్ పోయడం దండగ. దాన్ని పూర్తిగా విప్పి, కింద ఉన్న పాత పుట్టీ గీకేసి, కొత్త బ్యూటైల్ టేపు పెట్టి బిగించాలి. అసలు కాపలాదారు ఆ టేపు, పైన పెట్టే సీలెంట్ దానికి గొడుగు. చదును చోట్ల దానంతటది పరుచుకునే రకం సీలెంట్ వాడాలి. ఇక్కడివాళ్లు దాన్ని కంపెనీ పేరుతో డైకార్ అనే పిలుస్తారు. పెనం మీద దోసెపిండిలా మెల్లగా పరుచుకుని స్క్రూ తలలను, అంచునూ కప్పేస్తుంది. నిలువు చోట్ల అదే వాడితే గోడ మీద కారుతుంది, అక్కడికి జారని రకం వేరే ఉంది. చలి బాగా ఉన్నరోజు పెట్టొద్దు. పైన చర్మంలా కట్టినా లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది.

ఇదంతా మొదటిసారి నాకు రెండు శని, ఆదివారాలు పట్టింది, డజను లోపు ట్యూబులు పట్టాయి. ‘అంత సమయం ఎక్కడిది’ అంటారు నా మిత్రులు, వాళ్లకున్న పని ఒత్తిడి నాకు తెలుసు. బకెట్ పనికి మాత్రం తక్కువ పడుతుందా? కప్పంతా కడిగి, ఆరబెట్టి, ప్రైమరు, రెండు పూతలు వేసేసరికి అదే రెండు వారాంతాలు అవుతాయి. పైగా అతుకుల పని మొదటిసారి మాత్రమే పెద్దది. ఆ తర్వాత ఏటా రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, చలికి ముందు ఒకసారి, నిచ్చెన వేసుకుని ఒక పూట చూస్తే సరిపోతుంది. ‘పదేళ్లు చూడక్కర్లేదు’ అన్న మాటలోనే అసలు హాని ఉంది. చూడని కప్పు ఏ మందుతోనూ బతకదు. మా ఊళ్లో ఏటా చౌడు వేయించడాన్ని ఎవరూ మిద్దె లోపంగా లెక్కపెట్టలేదు. ఇల్లు ఉన్నవాడు ఏటా మిద్దె ఎక్కుతాడు, అంతే.

ఇక రెండో కొసన ఇంకో వాదం: పాత రబ్బరు ఎలాగూ పోయింది, మొత్తం పీకి కొత్తది వేయించు, లేదా బండే వదిలించుకో. సర్వీసు సెంటర్లు పొడవు అడుగుకు ఇంత అని కట్టి చెప్పే మొత్తం వేల డాలర్లకు చేరుతుంది. పాత ట్రైలర్ విలువే అంత ఉండదు. దాంతో బాగున్న రబ్బరు, బాగున్న వాసాలు, బాగున్న చట్రం అన్నీ కలిపి తుక్కుదొడ్డికి పోతాయి. పలక సగానికి పైగా కుళ్లిపోతే, రబ్బరు జిగురు వదిలి గాలికి తెరచాపలా ఉబ్బుతుంటే, మార్చాల్సిందే, కాదనను. కానీ ఆ స్థితికి చేరిన బళ్లలో ఎన్ని ఒక ట్యూబు సీలెంట్ సకాలంలో దొరక్క చేరాయి? పదవీ విరమణ తర్వాత ట్రైలరే ఇల్లుగా బతికేవాళ్లను, అద్దెలు కట్టలేక అందులోకి మారినవాళ్లను ఈ దేశంలో చూశాను. వాళ్లకు ఈ సలహాల తప్పొప్పులు సరదా విషయం కాదు.

కోటింగ్‌కు చోటే లేదని నేననడం లేదు. తెల్లపొర అరిగి అడుగు నలుపు మచ్చలుగా కనపడుతుంటే, కర్ర పొడిగా ఉందని మీటరు చెబుతుంటే, అతుకులన్నీ బాగుచేసి ఆ సీలెంట్ గట్టిపడేదాకా ఆగి ఉంటే, అప్పుడు రబ్బరుకు తగిన కోటింగ్ వేయండి. అది అరిగిన తెల్లపొర స్థానంలో నిలబడి ఎండను ఆపుతుంది, కప్పును చల్లగా ఉంచుతుంది. సిలికాన్ రకం కోటింగ్ వేస్తే ముందుముందు అతుకుల మీద మామూలు సీలెంట్ అంటదని గుర్తుంచుకుని ఎంచుకోండి. ఇప్పటికే బకెట్ కొని గ్యారేజీలో పెట్టుకున్నవారు దాన్ని అక్కడే ఉంచి, మొదట ముందువైపు అతుకు దగ్గరికి వెళ్లండి.

నా 2003 బండి మీద ఇప్పటికీ అదే రబ్బరు. అమ్మినవారి కోటింగ్‌ను నడుమ అలాగే వదిలేశాను, అంచుల్లో మాత్రం వెడల్పుగా గీకేశాను. ఈ అక్టోబరులో చలికి ముందు ఎక్కి చూశాను. పది కంతల్లో తొమ్మిది బాగున్నాయి. స్నానాల గది అద్దం ఎడమ మూలలో, ప్లాస్టిక్ అంచు మీద, అంగుళం పొడవున పెదవి లేచింది. లోపల మీటరు 11 శాతం చూపించింది. గీకి, తుడిచి, సీలెంట్ పోశాను. పావు ట్యూబు పట్టింది.